మందు తాపిన పద్నాలుగో రోజు

నట్టల మందు తాపడం మన గొర్రెల పెంపకందారులకు కొత్త కాదు. వానలకు ముందొకసారి, వానలు నడిచేటప్పుడు మరోసారి మందను దొడ్లో నిలబెడతారు. ఒక్కో జీవాన్ని పట్టుకుని దవడ పక్క నుంచి మందు పోసి, వీపు మీద రంగు గుర్తు వేసి వదులుతారు. పశుసంవర్ధక శాఖ ఊళ్లలో శిబిరాలు పెట్టి ఉచితంగా తాపిస్తుంది. సాయంత్రానికి ఎన్ని జీవాలకు తాపామో లెక్క తేలుతుంది. ఆ మందుకు ఎన్ని నట్టలు చచ్చాయో మాత్రం తేలదు. చచ్చాయనే అనుకుంటాం. పద్నాలుగో రోజున అదే జీవాల పెంటికలు తీసుకుని, అందులో నట్టల గుడ్లు ఇంకా ఉన్నాయేమో చూసే అలవాటు మనకింకా రాలేదు. అది రావాలి, త్వరగా రావాలి. ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది తెలుగువాళ్లకు చిన్న విషయం కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, సుమారు 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం, సుమారు 1.76 కోట్లు. దేశం మొత్తం మీద ఉన్న గొర్రెలు 7.4 కోట్ల పైచిలుకు. అంటే ప్రతి రెండింటిలో దాదాపు ఒకటి ఈ రెండు రాష్ట్రాల్లోనే మేస్తోంది. నెల్లూరు, మాచెర్ల, దక్కని జాతుల మీద ఆధారపడి గొల్ల కురుమల ఇళ్లు లక్షల్లో బతుకుతున్నాయి. ఆ ఇళ్లకు మంద అంటే బ్యాంకులో ఉన్న డబ్బు. పిల్ల చదువుకో, ఆసుపత్రి ఖర్చుకో రెండు పొట్టేళ్లు అమ్ముకుంటారు. అలాంటి ఇంట్లో మందు పనిచేయకపోవడమంటే ఏమిటో వేరే చెప్పాల్సిన పని లేదు.

నట్టలు చాలా రకాలు. వాటిలో గొర్రెకు ప్రాణాంతకమైనది హీమాంకస్ కంటార్టస్. గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. ఆడ నట్టను చూస్తే ఇట్టే గుర్తుపట్టవచ్చు: రక్తంతో నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయం మెలికలు తిరిగి ఉంటుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. అంకె చిన్నదే. కానీ పదిహేను కిలోల గొర్రెపిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే లీటరు అటూ ఇటూ. దాని పొట్టలో వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది, అంటే ఇరవయ్యో వంతు. ఈ నట్ట వల్ల మామూలుగా పారుడు రోగం రాదు. అందుకే కాపరికి ముందుగా ఏదీ కనిపించదు. జీవం మంద వెనక పడుతుంది, కంటి లోపలి పొర తెల్లబడుతుంది, దవడ కింద నీరు దిగుతుంది. అంతవరకూ వచ్చాక దాన్ని నిలబెట్టడం కష్టం. కొన్ని పిల్లలు ఆ గుర్తులు కూడా చూపకుండానే పోతాయి.

ఒక్క ఆడ నట్ట రోజుకు ఐదు నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. పెంటికతో పాటు నేల మీద పడిన గుడ్డు, తేమా వెచ్చదనమూ ఉంటే వారంలోపే గడ్డి మీదికి పాకే లార్వా అవుతుంది. గొర్రె ఆ గడ్డి మేస్తే మూడు వారాల్లో ఆ లార్వా పెద్దదై, తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఇన్ని కోట్ల గుడ్లలో జన్యువులు రాసుకునేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పడం మామూలే. అలా మారిన అక్షరాల్లో ఏదో ఒకటి మందుకు తట్టుకునే శక్తినిస్తుంది. మందు తాపకముందు ఆ నట్టకు ప్రత్యేకమైన లాభమేమీ లేదు, కోట్లలో ఒకటిగా ఉంటుంది. మందు తాపిన రోజు నుంచి దానికి పోటీ లేదు. తోటి నట్టలన్నీ చచ్చిపోయాయి కనుక తర్వాతి మూడు వారాలూ నేల మీద పడే గుడ్లన్నీ దానివీ, దానిలాంటివాటివే. మందు తాపిన ప్రతిసారీ మనం ఒక జల్లెడ పడుతున్నట్టే, పైన మిగిలేది మందుకు లొంగనిదే.

ఇది ఊహ కాదు, ప్రతి మందు విషయంలోనూ జరిగిన చరిత్ర. థయాబెండజోల్ 1961లో వచ్చింది. గొర్రెల నట్టల మీద అంత బాగా పనిచేసి, జీవానికి అంత తక్కువ హాని చేసే మందు అంతకుముందు లేదు. 1964 నాటికే అమెరికాలో దానికి లొంగని హీమాంకస్‌ను పరిశోధకులు నమోదు చేశారు. 1981లో ఐవర్మెక్టిన్ వచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు విలియం క్యాంబెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ మందుకు లొంగని హీమాంకస్ 1980ల చివరికల్లా దక్షిణాఫ్రికా గొర్రెల్లో బయటపడింది. 2009లో న్యూజిలాండ్‌లో మోనెపాంటెల్ అనే కొత్త తరగతి మందు విడుదలైంది. అదే దేశంలో 2013లో అది విఫలమైనట్టు నివేదిక వచ్చింది. మన దేశమూ దీనికి మినహాయింపు కాదు. ఫినోథయజిన్, థయాబెండజోల్ మందులకు గొర్రెల హీమాంకస్ లొంగడం లేదని 1976లోనే భారతీయ పరిశోధకులు ప్రచురించారు. ఆ తర్వాత రాజస్థాన్ మొదలుకొని తమిళనాడు దాకా ఎన్నో మందల్లో అదే మాట మళ్లీ మళ్లీ తేలింది. అంటే యాభై ఏళ్లుగా తెలిసిన సంగతి. తెలిసి కూడా మందు తాపడాన్ని మాత్రమే పథకంగా నడిపి, దాని ఫలితం చూడటాన్ని పరిశోధనశాలలకు వదిలేశామన్నదే నా బాధ.

ఇక అసలు ప్రశ్న. మందు పనిచేయలేదని ఊళ్లో ఎలా తెలుస్తుంది?

కాపరి వచ్చి “సారూ, మొన్ననే మందు తాపినం, మళ్లీ జీవాలు పడిపోతున్నయ్” అంటాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని వెంటనే నట్టలు మొండికెత్తాయని తీర్మానించనూ కూడదు. మందు ఓడినట్టు కనిపించడానికి కారణాలు చాలా ఉంటాయి. మొట్టమొదటిది మోతాదు. మందలో జీవాలను కంటితో చూసి బరువు అంచనా వేస్తాం, ఆ అంచనా తరచూ తక్కువకే పోతుంది. సగటు బరువుకు లెక్కేసి అందరికీ ఒకే మోతాదు పోస్తే బరువైన జీవాలన్నిటికీ తక్కువ పడినట్టే. ఆల్బెండజోల్ లాంటి మందు ద్రవంలో తేలే పొడి. సీసాను బాగా కుదపకపోతే మొదటి జీవాలకు నీళ్లు, చివరి జీవాలకు చిక్కటి మడ్డి పోతుంది. మందు తాపే గన్ను పాతబడి పది మిల్లీలీటర్ల గీత దగ్గర ఎనిమిదే వదులుతుండవచ్చు. సిరంజితో కొలిచి చూస్తే అది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. జీవం సగం మందు ఉమ్మేసి ఉండవచ్చు. మేకల ఒంట్లో చాలా మందులు గొర్రెల్లోకన్నా త్వరగా విరిగిపోతాయి. కలిసిన మందలో గొర్రె మోతాదే మేకకూ పోస్తే అది చాలదు.

రెండో కారణం, మందు ఒకటి, రోగం మరొకటి కావడం. ఐవర్మెక్టిన్ గుండ్రటి నట్టల మీద పనిచేస్తుంది, కార్జపు జలగల మీద అసలు పనిచేయదు. చెరువు కింద తడి నేలల్లో మేసే మందలకు జలగల బెడద ఎక్కువ. దవడ కింద నీరు జలగల వల్ల కూడా దిగుతుంది. అక్కడ ఐవర్మెక్టిన్ పొడిచి, నయం కాలేదని దాన్ని తిట్టి లాభం లేదు. మూడోది, మందు పాత నట్టలన్నిటినీ చంపినా, జీవం మళ్లీ అదే లార్వాల గడ్డిలోకి వెళ్లి మళ్లీ తెచ్చుకోవడం. నాలుగోది, గడువు తీరిన మందో ఎండలో ఉడికిన మందో కావడం. ఇవన్నీ చూశాక కూడా గుడ్లు మిగిలితే అప్పుడు నిజంగా నట్ట మారిందని అనుమానించాలి. అందుకే ఈ పని కంటి చూపుతో తేలేది కాదు, లెక్క కావాలి.

ఆ లెక్క పేరు గుడ్ల తగ్గుదల పరీక్ష. సూత్రం చాలా సులువు. మందుకు ముందు పెంటికలో గ్రాముకు ఎన్ని గుడ్లు, మందు తర్వాత ఎన్ని అని చూడటమే. పది జీవాల సగటు ముందు 1,200, తర్వాత 240 అయితే తగ్గుదల 80 శాతం. గొర్రెల్లో 95 శాతం కంటే తక్కువ తగ్గితే అనుమానించాలని పశు పరాన్నజీవి శాస్త్రజ్ఞుల ప్రపంచ సంఘం 1992లో మార్గదర్శకాలిచ్చింది. 2023లో వాటిని తిరగరాసింది. పాత పద్ధతిలో మందు తాపని జీవాలను పోలిక కోసం విడిగా ఉంచాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో అవే జీవాలను ముందూ తర్వాతా చూస్తే చాలు. మన ఊళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. “నా మందలో సగానికి మందు ఆపండి” అంటే ఏ కాపరి ఒప్పుకుంటాడు?

చేసే తీరు ఇది. మందలోంచి పది నుంచి పదిహేను జీవాలను ఎంచుకోవాలి. ఈ మధ్య మందు పడనివి, వీలైతే ఏడాదిలోపు పిల్లలు మంచివి. వాటిలో గుడ్లు ఎక్కువగా ఉంటాయి, లెక్క గట్టిగా వస్తుంది. చెవికి గుర్తు వేయాలి. త్రాసు మీద తూకం వేసి మోతాదు కట్టాలి. పెంటికలను నేల మీద ఏరకుండా, చేతికి తొడుగు వేసుకుని మలద్వారం నుంచే నేరుగా తీయాలి. నేల మీదవి ఏ జీవానివో తెలియదు, వాటిలో మట్టిలోని పురుగులు కూడా చేరతాయి. సంచి మీద జీవం నంబరు, తేదీ రాయాలి. మన ఎండలకు పెంటికలోని గుడ్డు ఒక్క రోజులోనే పొదిగి లార్వా అయిపోతుంది, అప్పుడు లెక్కించడానికి గుడ్డే ఉండదు. కాబట్టి ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.

అక్కడ కావాల్సినవి ఉప్పు నీళ్లు, టీ వడపోసే జాలీ, మైక్రోస్కోప్, మక్‌మాస్టర్ స్లైడు. ఈ స్లైడు పద్ధతిని 1939లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గొర్డన్, విట్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వర్ణించారు. వాళ్లు పనిచేసిన మక్‌మాస్టర్ ప్రయోగశాల పేరే దానికి నిలిచింది. రెండు గ్రాముల పెంటికను 28 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్లలో నలిపి వడపోస్తారు. నట్ట గుడ్డు ఆ నీళ్లకన్నా తేలిక కనుక పైకి తేలి గాజుకు అంటుకుంటుంది. స్లైడులో రెండు గదులు, ఒక్కోదాని గీతల కింద 0.15 మిల్లీలీటర్లు. రెండింటిలోనూ కనిపించిన గుడ్లను కలిపి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. ఒక జీవానికి కొద్ది నిమిషాల పని. ఎనభై ఏళ్లు దాటినా ఇదే వాడుతున్నారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని పరీక్ష ఇది. మైక్రోస్కోప్ ఉన్న ఏ పశువైద్యశాలలోనైనా చేయవచ్చు.

రెండో నమూనా ఎప్పుడు తీయాలన్నది చాలా ముఖ్యం. త్వరపడి మూడో రోజో నాలుగో రోజో తీస్తే మోసపోతాం. ఆల్బెండజోల్, ఐవర్మెక్టిన్ తగిలిన నట్ట చావకపోయినా కొన్నాళ్లు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. మనం మందు గెలిచిందనుకుంటాం. మరీ ఆలస్యం చేసి నాలుగో వారంలో తీస్తే మధ్యలో మింగిన కొత్త లార్వాలు పెద్దవై గుడ్లు పెట్టడం మొదలవుతుంది, అప్పుడు మందు మంచిదైనా ఓడినట్టు కనిపిస్తుంది. లెవామిసోల్‌కు ఏడు నుంచి పది రోజులు, ఆల్బెండజోల్ కుటుంబానికి పది నుంచి పద్నాలుగు, ఐవర్మెక్టిన్‌కు పద్నాలుగు నుంచి పదిహేడు రోజులు సరైన వ్యవధి. ఊళ్లో ఒకే రోజు గుర్తుపెట్టుకోవాలంటే పద్నాలుగో రోజే మేలు.

ఈ పరీక్షకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. మక్‌మాస్టర్ స్లైడులో గ్రాముకు 300 గుడ్లంటే మనం నిజంగా కళ్లతో చూసినవి ఆరే. పది జీవాలకు కలిపి అరవై. మందు తర్వాత 95 శాతం తగ్గితే మూడు కనిపించాలి, 90 శాతం తగ్గితే ఆరు. మూడుకూ ఆరుకూ తేడా అదృష్టం మీద కూడా రావచ్చు, పెంటికలో ఏ ముక్క తీశామన్న దాన్నిబట్టి కూడా రావచ్చు. కొత్త మార్గదర్శకాలు గుణించిన అంకెను పక్కన పెట్టి, కంటితో నిజంగా లెక్కించిన మొత్తం గుడ్లెన్నో చూడమని పట్టుబట్టేది అందుకే. గుడ్లు తక్కువున్న మందలో జీవాల సంఖ్య పెంచాలి, లేదా ఒక్కో జీవానికి ఎక్కువ స్లైడులు చూడాలి. ఇటలీలోని నేపుల్స్‌లో రూపొందిన మినీ ఫ్లోటాక్ అనే పరికరం ఇందుకు పనికొస్తుంది. అందులో ఒక్కో గుడ్డును ఐదుతోనే గుణిస్తాం, అంటే పదిరెట్లు ఎక్కువ పెంటికను చూస్తున్నామన్నమాట. కరెంటూ సెంట్రిఫ్యూజూ లేని చోట కోసమే దాన్ని తయారుచేశారు. కొన్నిసార్లు ఇంత చేశాక కూడా ఫలితం “తేలలేదు” అని వస్తుంది. కొత్త పద్ధతిలో అదీ ఒక చెల్లుబాటయ్యే జవాబే. తేలనిదాన్ని తేలినట్టు రాయడం కన్నా అది నయం.

వందల మందలను తొలిసారి చూడాలనుకుంటే పది జీవాల పెంటికను సమాన తూకంలో కలిపి ఒకే నమూనాగా చూడవచ్చు. సగటు వస్తుంది, జీవానికీ జీవానికీ ఉన్న తేడా తెలియదు. అనుమానం ఉన్న మందలను ఏరడానికి అది చాలు.

మరో చిక్కు ఏమిటంటే, గొర్రె పొట్టలో, పేగుల్లో ఉండే చాలా గుండ్రటి నట్టల గుడ్లు మైక్రోస్కోప్ కింద ఒకేలా కనిపిస్తాయి. హీమాంకస్ అంతా చచ్చి, ట్రైకోస్ట్రాంగైలస్ అనే మరో రకం నట్ట మిగిలి ఉండవచ్చు. లేదా దానికి తారుమారుగా జరిగి ఉండవచ్చు. పాత పద్ధతిలో పెంటికను వెచ్చగా, తేమగా వారం పాటు ఉంచి లార్వాలను పొదిగించి, వాటి తోకల పొడవూ ఆకారమూ చూసి పేరు పెడతారు. ఓపిక కావాలి, కన్ను అలవాటు పడాలి. ఇక్కడ ఒక చక్కటి ఉపాయం ఉంది. వేరుశనగ గింజలో ఉండే ఒక ప్రొటీన్ హీమాంకస్ గుడ్డు పెంకుకు అతుక్కుంటుంది, మిగతా నట్టల గుడ్లకు అలా అతుక్కోదు. ఆ ప్రొటీన్‌కు మెరిసే రంగు కలిపి, తగిన మైక్రోస్కోప్ కింద పెడితే హీమాంకస్ గుడ్లు మాత్రమే పచ్చగా వెలుగుతాయి. వారం పట్టే పని ఒక్క పూటలో తేలుతుంది. 1990లలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ దారి చూపించారు. వేరుశనగ పండే అనంతపురం జిల్లాలోనే గొర్రెలూ విరివిగా ఉన్నాయి. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాల విద్యార్థులు చేపట్టదగ్గ పని ఇది.

గుడ్ల తగ్గుదల పరీక్షకు ఇంకో పెద్ద పరిమితి, అది ఆలస్యంగా మేల్కొంటుంది. మందలోని నట్టల్లో దాదాపు పాతిక శాతం మందుకు లొంగనివయ్యేదాకా అది గట్టిగా పట్టుకోలేదని 1989లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంతకంటే ముందే పట్టాలంటే ప్రయోగశాలకు వెళ్లాలి. అక్కడ గుడ్లను మందు కలిపిన నీళ్లలో వేసి ఎన్ని పొదుగుతాయో చూస్తారు. మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము థయాబెండజోల్ ఉన్న నీళ్లలో, మందుకు లొంగే గుడ్లు దాదాపు ఏవీ పొదగవు. పొదిగిన ప్రతి గుడ్డూ అనుమానితమే. ఈ పరీక్షకు తాజా గుడ్లు కావాలి, చలి తగలకూడదు. ప్రయోగశాల దూరంగా ఉంటే సీసా నిండా పెంటిక నీళ్లు పోసి, గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించి పంపుతారు. గాలి అందక గుడ్డు ఎదుగుదల ఆగి, ప్రయోగశాలలో మూత తీశాక మళ్లీ మొదలవుతుంది.

దానికన్నా లోతుకు వెళ్లేది జన్యు పరీక్ష. ఆల్బెండజోల్ కుటుంబం మందులు నట్ట కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని చంపుతాయి. ఆ ప్రొటీన్ గొలుసులో 200వ చోట ఫినైల్ అలనిన్ బదులు టైరోసిన్ వస్తే మందుకు పట్టు దొరకదు. జన్యువులో మారేది ఒకే ఒక్క అక్షరం. 1990లలో నెదర్లాండ్స్ పరిశోధకులు హీమాంకస్‌లో దీన్ని గుర్తించారు. 167, 198 స్థానాల్లో కూడా అలాంటి మార్పులే తర్వాత దొరికాయి. పీసీఆర్ యంత్రంతో వీటిని నేరుగా చూడవచ్చు. దీని విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఈ గుణం నట్టను కాపాడాలంటే తల్లి నుంచి వచ్చిన ప్రతీ, తండ్రి నుంచి వచ్చిన ప్రతీ రెండూ మారినవై ఉండాలి, ఒక్కటే మారితే నట్ట చస్తుంది. మందలోని నట్టల జన్యు ప్రతుల్లో పదో వంతు మారిపోయినా, రెండూ మారిన నట్ట నూటికి ఒక్కటే ఉంటుంది. గుడ్ల లెక్కలో 99 శాతం తగ్గుదల కనిపిస్తుంది, అందరం సంతోషిస్తాం. జన్యు పరీక్షలో మాత్రం ఆ పదో వంతు స్పష్టంగా ఉంటుంది. మందు ఇంకా పనిచేస్తుండగానే హెచ్చరిక అందుతుంది. ఐవర్మెక్టిన్ విషయంలో ఇంత సూటిగా చెప్పే ఒకే ఒక్క అక్షరమంటూ లేదు. అక్కడ ఇప్పటికీ గుడ్ల లెక్కే దిక్కు.

మైక్రోస్కోప్ కూడా లేని చోట? అక్కడా చేతులు ముడుచుకోనక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో 1990లలో ఫమాచా అనే రంగుల కార్డు తయారైంది. దాన్ని ఆలోచించిన ఫఫా మాలన్ అనే పశువైద్యుడి పేరు మొదటి అక్షరాలకు ‘చార్ట్’ మొదటి అక్షరం కలిపి కార్డుకు ఆ పేరు పెట్టారు. గొర్రె కింది కనురెప్ప దించి లోపలి పొర రంగును కార్డులోని ఐదు రంగులతో పోలుస్తారు. ఒకటి ఎర్రన, ఐదు పాలిపోయిన తెలుపు. నాలుగు, ఐదు ఉన్నవాటికి మందు తప్పనిసరి. ఇది నేరుగా మందు బలం చెప్పదు, రక్తం పీల్చే నట్టలకే పనికొస్తుంది. కానీ మందు తాపిన తెల్లకంటి జీవాలను రెండు మూడు వారాలకు మళ్లీ చూసినప్పుడు వాటి కన్ను ఎర్రబడకపోతే, పెంటికలు పంపించాల్సిన వేళ అయిందని కాపరికే తెలుస్తుంది.

మందు ఓడిందని తేలితే ఏం చేయాలన్నది పరీక్ష కన్నా పెద్ద విషయం. మొదట చేయకూడనివి చెప్పాలి. మోతాదు రెట్టింపు చేయడం ప్రమాదం. క్లోసాంటెల్ మోతాదు మించితే జీవానికి చూపు పోతుంది. లెవామిసోల్ మించితే ప్రాణానికే ముప్పు. సూలు మొదటి నెలలో ఉన్న గొర్రెకు ఆల్బెండజోల్ ఇస్తే పిల్లలో అవకరాలు రావచ్చు. ఇంకో పొరపాటు ఊళ్లలో చాలా మామూలు: ఒక కంపెనీ ఆల్బెండజోల్ పనిచేయలేదని ఇంకో కంపెనీ ఫెన్‌బెండజోల్ కొనడం. రెండూ ఒకే కుటుంబం. ఒకదానికి లొంగని నట్ట రెండోదానికీ లొంగదు. డబ్బా మారుతుంది, మందు మారదు. మార్చాల్సింది తరగతిని: ఆల్బెండజోల్ వర్గం నుంచి లెవామిసోల్‌కో, ఐవర్మెక్టిన్ వర్గానికో, హీమాంకస్ ఒక్కటే సమస్యయితే క్లోసాంటెల్‌కో. ఆ కొత్తదాన్ని కూడా పద్నాలుగో రోజున పరీక్షించాలి, ఎందుకంటే ఒకేసారి రెండు మూడు తరగతులకు లొంగని మందలు ఇప్పటికే ఉన్నాయి.

మందు బతకాలంటే మందుకు లొంగే నట్టలు కొన్ని మిగలాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇందులో కిటుకేమీ లేదు. మందు తగలని నట్టల సంతానం పచ్చికలో ఉంటే, మొండి నట్టలు వాటితో జతకట్టి పలచబడతాయి. మన మే నెల ఎండలకు నేల మీది లార్వాలు చాలావరకు మాడిపోతాయి. అప్పుడు మందలోని ప్రతి జీవానికీ మందు తాపితే, తొలకరికి పచ్చిక మీద పడే గుడ్లన్నీ బతికి బయటపడ్డ మొండివాటివే అవుతాయి. తొలకరి ముందు మందు మానమని నేను అనడం లేదు. కన్ను ఎర్రగా, ఒళ్లు గట్టిగా ఉన్న పెద్ద గొర్రెల్లో పదింట ఒకదాన్నైనా మందు లేకుండా వదలమంటున్నాను. నూటికి నూరు శాతం తాపడాన్నే విజయంగా లెక్కగట్టే పథకాలు ఈ మాటను తప్పకుండా ఆలోచించాలి.

కొని తెచ్చే జీవాల సంగతి వేరే చెప్పాలి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు, వాటిని పొరుగు రాష్ట్రాల నుంచి కొన్నారు. అలా ఎక్కడినుంచి తెచ్చినా జీవంతో పాటు దాని పొట్టలోని నట్టా వస్తుంది, ఆ నట్ట ఏ మందుకు అలవాటు పడి వచ్చిందో సంతలో ఎవరూ చెప్పరు. తెచ్చిన జీవాలకు మందు తాపి, పొడి దొడ్లోనే కట్టి మేత వేసి, పద్నాలుగో రోజున పెంటిక చూపించాకే పాత మందలో కలపడం మంచిది. ఒక్కసారి మొండి నట్ట పచ్చికలోకి దిగితే దాన్ని వెనక్కి పంపే దారి లేదు.

పశుసంవర్ధక శాఖకు ఒక విన్నపం. మందు తాపే ప్రతి విడతలో మండలానికి ఐదు మందలనైనా ఎంచి, ముందూ పద్నాలుగో రోజునా గుడ్లు లెక్కించండి. ఆ ఫలితాన్ని మందుల కొనుగోలు చేసేవారికి పంపండి. ఏ జిల్లాలో ఏ తరగతి మందు ఓడుతోందో తెలియకుండా కోట్ల మోతాదులు కొనడం సరికాదు. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఉప్పు, స్లైడు, మైక్రోస్కోప్ కావాలి, రెండు పూటల పని కేటాయించాలి.

గొర్రెలున్న అన్నలకూ అక్కలకూ చెప్పేది ఇదే. ఈసారి మందు తాపే రోజు పొద్దున్నే పది జీవాల చెవులకు గుర్తు వేసి, పెంటికలు విడివిడి సంచుల్లో తీసి పశువైద్యశాలకు ఇవ్వండి. పద్నాలుగో రోజున అవే పది జీవాలవి మళ్లీ ఇచ్చి, ముందెన్ని గుడ్లు, తర్వాతెన్ని అని డాక్టరు గారిని అడిగి ఆ రెండు అంకెలనూ రాయించుకోండి. నూటికి ఐదు కంటే ఎక్కువ మిగిలితే, వచ్చే విడతకు ఏ తరగతి మందు వాడాలో అడిగి తెలుసుకున్నాకే కొనండి.